పిల్లలకి ఫోను వచ్చు, కంప్యూటరు రాదు



మిర్చిలో నల్ల తామరపురుగు గురించి రాయమని చాలామంది అడిగారు. అది తర్వాత రాస్తాను. ఈసారి పంట సంగతి కాదు, పిల్లల సంగతి. శనివారం మధ్యాహ్నం పూట నేను పొలంలో దొరకడం లేదేమని ఫోన్లు చేస్తున్న వాళ్ళకి కూడా ఇదే జవాబు అనుకోండి.

ఆ పూట నేను మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉంటున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి కంప్యూటరు నేర్పుతున్నాను. నవ్వకండి. నేను చదివింది ఇంటరే. ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉన్న రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోయి లోయరు పాసయ్యాను. గుమాస్తా ఉద్యోగం వస్తుందని మా నాన్న ఆశ. ఉద్యోగం రాలేదు గానీ వేళ్ళకి ఆ విద్య ఉండిపోయింది. మిగతాది మా అబ్బాయి చదువు కోసం కొన్న కంప్యూటరు దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. పిల్లలకి మొదటి మెట్టు ఎక్కించడానికి ఇంతకంటే పెద్ద చదువు అక్కర్లేదని ఈ నాలుగు నెలల్లో నాకు అర్థమైంది.

దీనికి కారణం మా ఊరి ఒక కూలీ వాళ్ళ అమ్మాయి. పేరు రాయను. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి పాసైంది. ఈ పరీక్ష గురించి మనలో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నా. సర్కారు బడి, ఎయిడెడ్ బడి పిల్లలు ఎనిమిదిలో రాసుకోవచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. నాలుగేళ్ళకి 48,000. కానీ ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో రెన్యువల్ చేసుకోవాలి. చేసుకోకపోతే ఆ ఏడు డబ్బు రాదు.

మొదటి ఏడు ఆ పిల్లకి డబ్బు వచ్చింది. పదో తరగతిలో రెన్యువల్ చేద్దామని పోతే ఓటీపీ రావడం లేదు. ఎందుకంటే మొదటిసారి దరఖాస్తు నింపిన నెట్ సెంటర్ కుర్రాడు, వాళ్ళ నాన్న ఫోన్లో చార్జింగ్ లేదని, తన నంబరు కొట్టాడు. పాస్‌వర్డు కూడా అతనే పెట్టాడు. ఆ కుర్రాడు తర్వాత పని మానేసి హైదరాబాదు పోయాడు, ఆ నంబరు పనిచేయడం లేదు. వీళ్ళు మూడుసార్లు టౌనుకి తిరిగారు, మూడు కూలి రోజులు పోయాయి, గడువు కూడా పోయింది. ఆ కుర్రాడిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కొట్టు ముందు ముప్పై మంది నిలబడి ఉంటే ఎవడైనా పని అయ్యేట్టే చూస్తాడు. నా బాధల్లా ఏందంటే, పరీక్ష రాసి నెగ్గిన పిల్లకి, తన పేరు మీద ఉన్న దరఖాస్తులో ఏ నంబరు ఉందో కూడా తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరూ చెప్పలేదు.

మన సంగతి మాత్రం ఏమంత గొప్పగా ఉంది చెప్పండి. పీఎం కిసాన్ 2,000 ఆగిపోతే, ఈకేవైసీ అంటారు, ఆధార్లో పేరు ఒకటి, అడంగల్లో పేరు ఒకటి అంటారు. ఈ-పంటలో సర్వే నంబరు తప్పు పడితే పంట నష్టం డబ్బు దగ్గర తెలుస్తుంది. పొలం మనది, చెమట మనది. దాని కాగితం మాత్రం ఎవరి చేతి వేళ్ళ కిందో ఉంది. మనకి వయసు అయిపోయింది, సరే. పిల్లలు కూడా ఇట్లాగే ఇంకొకడి కొట్టు ముందు నిలబడాలా?

"ఏందయ్యా, ఈ కాలం పిల్లలకి నేర్పేదేముంది, పుట్టగానే ఫోను పట్టుకుంటున్నారు" అని మొదట అందరూ అన్నారు. హెడ్మాస్టరు గారు కూడా అన్నారు. నేనూ సగం అట్లాగే అనుకుంటూ పోయాను. మొదటి రోజు తొమ్మిదో తరగతి పిల్లలకి ఒకే ఒక్క పని చెప్పాను. మీ పేరు, ఊరు టైపు చేసి, దాన్ని దాచి, కంప్యూటరు ఆపి, మళ్ళీ తెరిచి నాకు చూపించండి. ఒక్కరు చేయలేదు. రీలు తీసి పాట అతికించి పంపడం వచ్చిన వాడికి, పెద్దక్షరం పడాలంటే షిఫ్టు పట్టాలని తెలియదు. ఫైలు అంటే ఏందో తెలియదు. ఫోల్డరు తెలియదు. ఫోన్లో ఏదీ దాచనక్కర్లేదు, దానంతట అదే ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఉందో అడిగితే మాత్రం "గ్యాలరీలో" అంటారు. అన్నీ గ్యాలరీలోనే.

ఫోను చూడటానికి పనికొచ్చినంతగా, పని చేయడానికి పనికి రాదు. ఇది నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు. కానీ ఏ ఆఫీసులో అయినా, కొట్టులో అయినా జీతం ఇచ్చేది కీబోర్డు ముందు కూర్చున్నవాడికే.

బడిలో కంప్యూటర్లు లేవా అంటే ఉన్నాయి. కేంద్రం 2004లో బళ్ళల్లో కంప్యూటరు విద్య కోసం ఐసీటీ పథకం పెట్టాక మన హైస్కూళ్ళకి కూడా లాబులు వచ్చాయి, నేర్పే వాళ్ళు కాంట్రాక్టు మీద వచ్చారు. కాంట్రాక్టు అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు, పెట్టెలు మిగిలాయి. తర్వాత 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులు ఇచ్చారు. పాఠాలు వినడానికి అది ఒక దారి, కాదనను, కానీ ట్యాబుకి కీబోర్డు ఉండదు. టీచర్లని అందామంటే వాళ్ళకి హాజరు, భోజనం, ఫోటోలు అన్నీ యాప్‌లోనే, వాళ్ళ పాఠం చెప్పుకోవడానికే టైము చాలడం లేదు.

అదే కేరళలో 2001లోనే ఐటీ@స్కూల్ అని మొదలుపెట్టారు. అక్కడ సర్కారు బళ్ళల్లో కంప్యూటర్లన్నీ ఉచితంగా దొరికే లైనక్సు మీద నడుస్తాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఐటీ కూడా ఒక సబ్జెక్టు, పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుని చేసి చూపించాలి. పరీక్ష ఉంటే బడి నేర్పుతుంది. మన దగ్గర పరీక్షలో లేదు కాబట్టి లాబుకి తాళం.

మా లాబు తాళం తీస్తే పది పెట్టెలున్నాయి. రెండింటిలో ఎలుకలు వైర్లు కొరికాయి. సంక్రాంతికి వచ్చిన మా ఊరి ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఇద్దరు రెండు రోజులు కూర్చున్నారు. కొన్ని పెట్టెలు కూత పెట్టి ఆగిపోతుంటే లోపల ర్యామ్ పట్టీ తీసి, దాని పసుపు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టారు, రెండు లేచాయి! తారీకు నిలవక ప్రతిసారీ ఏదో పాత సంవత్సరం చూపిస్తుంటే లోపలి బిళ్ళ బ్యాటరీ మార్చారు. సీఆర్2032 అంటారు, గడియారం కొట్టులో దొరుకుతుంది, ఖర్చు పెద్దగా లేదు. అన్నీ కలిపితే నాలుగు పెట్టెలు బతికాయి. వాటి పాత బుర్రకి కొత్త విండోస్ బరువు అని లైనక్సు, లిబ్రెఆఫీసు ఎక్కించారు. రెండూ ఉచితమే. దొంగ కాపీలు పెట్టి వైరస్‌లతో చావడం కంటే ఇది నయం.

మేము మొదలుపెట్టింది కీబోర్డుతో. ఎఫ్ మీద, జే మీద చిన్న గీత లాగా ఎత్తుగా ఉంటుంది, చూశారా? చూపుడు వేళ్ళు అక్కడ పెట్టుకోవాలని గుర్తు. పిల్లలు చీకట్లో తడుముకున్నట్టు తడిమి "అవును తాతయ్యా ఉంది!" అని అరిచారు. బళ్ళో సార్ అనమని టీచరమ్మ చెప్పింది గానీ, ఊళ్ళో వరస నోటికి వస్తుంది, నేనూ పట్టించుకోలేదు. రోజూ పావుగంట ఏ ఎస్ డీ ఎఫ్, వేళ్ళు చూడకుండా. టైపు మిషను మీద మాకు మాస్టారు చేతుల మీద గుడ్డ కప్పేవాడు. నేను పాత నోటుబుక్కు అట్ట అడ్డం పెట్టాను.

తర్వాత తెలుగు. తెలుగు టైపు అంటే ఇంగ్లీషులో అమ్మ అని కొడితే తెలుగులో పడటమే అనుకుంటున్నారు అంతా. అది కాకుండా ఇన్‌స్క్రిప్ట్ అని ప్రభుత్వం వాళ్ళు ఖాయం చేసిన కీబోర్డు ఉంది, ప్రతి కంప్యూటర్లోనూ లోపలే ఉంటుంది, సెట్టింగుల్లో తెలుగు కలుపుకుంటే చాలు. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాల గుర్తులు. కుడి చేతి వైపు చాలావరకు హల్లులు. కే మీట మీద క ఉంటుంది. ఎల్ మీద త. డీ మీట నొక్కితే పొల్లు వస్తుంది, ఒత్తు రావాలంటే దాన్ని మధ్యలో నొక్కాలి. అమ్మ అని కొట్టాలంటే షిఫ్టు పట్టి డీ, తర్వాత సీ, డీ, సీ. కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి టేపుతో మీటలకి అంటించాం. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. చదువులో వెనకబడిన ఇద్దరు పిల్లలకి ఒత్తులు అసలు రావు. మీట మీద మ, పొల్లు, మ అని విడగొట్టి నొక్కుతుంటే, ఒత్తు ఎట్లా తయారవుతుందో వాళ్ళకి కనిపించింది. తెలుగు టీచరమ్మ కూడా వచ్చి చూసి పోయింది.

దాచుకోవడం మాత్రం నేను నేర్పలేదు, కరెంటు నేర్పింది. లాబుకి యూపీఎస్ లేదు. మన మోటారు కరెంటు లాగే, ఎప్పుడు పోతుందో తెలియదు. రెండో వారం పిల్లలు పేజీ నిండా కొట్టుకున్నారు, టప్పున పోయింది. తిరిగొచ్చాక అంతా తెల్ల కాగితం. ఒక పిల్ల ఏడ్చింది. ఆ రోజు నుంచి రెండు లైన్లకి ఒకసారి కంట్రోల్ ఎస్ కొట్టని పిల్ల లేదు.

నాలుగు పెట్టెలు, ముప్పై నాలుగు మంది పిల్లలు. రెండు జట్లుగా చేసి, పెట్టెకి నలుగురైదుగురిని కూర్చోబెడతాను. వదిలేస్తే ఏమవుతుందో తెలుసా? వచ్చిన మగపిల్లాడు మౌస్ పట్టుకుంటాడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. ఇంటి దగ్గర కూడా అంతే, ఫోను తమ్ముడి చేతిలో, చీపురు అక్క చేతిలో. అందుకని రూలు పెట్టాను. బాగా వచ్చిన వాడు మౌస్ ముట్టకూడదు, నోటితో మాత్రమే చెప్పాలి. చేసేది రానివాళ్ళు. మొదట్లో గొణిగారు. ఇప్పుడు నోటితో చెప్పడం చేసి చూపించడం కంటే కష్టమని వాళ్ళకే తెలిసింది.

లెక్కల కాగితం, అదే స్ప్రెడ్‌షీటు నేర్పేటప్పుడు పుస్తకంలో మార్కుల పట్టిక ఉదాహరణ ఉంది. నాకు నచ్చలేదు. మీ ఇంట్లో పోయినేడు పంట ఖర్చు అడిగి రాసుకు రండి అన్నాను. దుక్కి, నారు, ఎరువు, మందులు, కోత కూలి, బస్తాలు, బాడుగ. ఒక వరసలో పేర్లు, పక్క వరసలో రూపాయలు, కింద సమ్ అని కొడితే మొత్తం వస్తుంది. ఒక కౌలు రైతు కొడుకు అన్నీ కొట్టాక నన్ను అడిగాడు, "తాతయ్యా, వడ్డీ కూడా ఖర్చేనా?" అని. మనలో ఎంతమంది వడ్డీని పంట ఖర్చులో రాస్తాం చెప్పండి. వాళ్ళ నాన్న 2 లక్షలు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ, పది నెలలు. వాడే లెక్క కట్టాడు, 40,000. ఎరువుల గడి కంటే పెద్దది. వాడు కాసేపు ఆ గడి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికెళ్ళి చెప్పాడంట. మర్నాడు వాళ్ళ నాన్న పొలం గట్టు మీద నన్ను ఆపాడు. "అన్నా, మా అప్పులు బళ్ళో ఎందుకన్నా" అన్నాడు, కోపంగానే. కాగితం మీద పేరు లేదని, ఎవరి లెక్క వాళ్ళకే ఉంటుందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "బ్యాంకులో అయితే ఎంత పడేది?" అని అడిగాడు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7 శాతం, గడువులో కడితే రాయితీ పోను 4 శాతం. మనోడు కట్టింది ఏడాదికి 24 శాతం లెక్కన. కానీ బ్యాంకుకి పోవాలంటే సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి పొలం యజమాని సంతకం కావాలి, ఆ యజమాని పెట్టడు. పిల్లవాడు చేసిన లెక్క సరిగ్గా ఉంది, దారి మాత్రం మూసే ఉంది. అయినా ఆ లెక్క ఆ ఇంట్లో ఉండటం మంచిదే అని నా నమ్మకం.

ఇప్పుడు నడుస్తున్నది దరఖాస్తు పాఠం. ఉత్తుత్తి ఫారం ఒకటి తయారుచేశాను. అన్నిటికంటే ఎక్కువ టైము పట్టింది పేరు దగ్గరే. లక్ష్మి అనే పేరు ఆధార్లో ఎక్స్ పెట్టి, బడి రిజిస్టర్లో కేఎస్ పెట్టి ఉంటే రెండూ ఒకటేనని మనకి తెలుసు, కంప్యూటరుకి తెలియదు. ముప్పై నాలుగు మందిలో పదకొండు మందికి ఆధార్లో ఒక రకం, బడిలో ఒక రకం ఉన్నాయి. పది పరీక్షల నామినల్ రోల్స్ పోకముందే సరిచేయించుకోవాలని ఇళ్ళకి చీటీలు రాసి పంపాం. ఇది మీ ఇంట్లో ఈ రాత్రే చూసుకోవచ్చు, కంప్యూటరు అక్కర్లేదు.

బ్యాంకు ఐఎఫ్ఎస్సీ కోడు పదకొండు గుర్తులు. అయిదోది ఎప్పుడూ సున్నానే. సగం మంది అక్కడ ఓ అక్షరం కొడతారు. ఫోటో ఇన్ని కేబీల లోపే ఉండాలి అంటాడు, మన ఫోను తీసిన ఫోటో దానికి వంద రెట్లు ఉంటుంది. దాన్ని చిన్నది చేయడం రెండు నిమిషాల పని, దానికి కొట్టులో డబ్బులు కడుతున్నాం. ఫోను నంబరు దగ్గర మాత్రం నేను గట్టిగా చెప్పాను. ఇంట్లో వాళ్ళ నంబరు తప్ప ఇంకెవరిదీ కొట్టకూడదు, చార్జింగ్ లేకపోతే రేపు వస్తామని లేచి రావాలి. పాస్‌వర్డు రాసిన చీటీ ఆధార్ కార్డుతో పాటు బీరువాలో ఉండాలి. పదమూడేళ్ళు నిండని పిల్లకి గూగులు సొంతంగా ఖాతా తెరవనివ్వదు, దొంగ పుట్టినతేదీ పెట్టి తెరవొద్దని కూడా చెప్పాను. అదే తేదీ తర్వాత మెడకి చుట్టుకుంటుంది.

దీనివల్ల ఒక లాభం మనకీ ఉంది. పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు వస్తున్నాయి కదా, నొక్కితే ఫోను వాళ్ళ చేతికి పోతుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వాళ్ళ తాత నొక్కబోతుంటే లాక్కుంది. ఫైలు పేరు చివర ఏముందో చూడమని నేను చెప్పిన పాఠం అదొక్కటే. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైతే దొరకదు. ఇది గోడ మీద రాయించాం.

స్కాలర్‌షిప్ పోయిన అమ్మాయి పది అయిపోయి ఇంటర్‌లో చేరింది. అయినా శనివారం వస్తుంది. నంబరు మార్చమని, జరిగింది చెబుతూ జిల్లా విద్యాశాఖాధికారి గారికి అర్జీ తనే తెలుగులో కొట్టింది, ఒకటిన్నర పేజీ. నేను రెండు అచ్చుతప్పులు దిద్దాను, అంతే. ఇంకా జవాబు రాలేదు.

మీ ఊళ్ళో చేద్దామనుకుంటే హెడ్మాస్టరు గారిని, తల్లిదండ్రుల కమిటీని అడిగి చేయండి, ఒంటరిగా చేయొద్దు. గదిలో పిల్లలతో పాటు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, వాళ్ళలో ఒకరు ఆడమనిషైతే మంచిది. మాకు అంగన్‌వాడీ ఆయా వచ్చి కూర్చుంటుంది, ఆమె కూడా ఇప్పుడు తన పేరు కొడుతుంది. ఇంటర్నెట్టు లేకపోయినా మొదటి మూడు నెలల పాఠానికి అవసరం లేదు. నేర్పేవాడు ఎవరు అంటారా, సెలవులకి వచ్చిన డిగ్రీ పిల్లలున్నారు, రిటైరైన గుమాస్తాలున్నారు, డేటా ఎంట్రీ చేసి పెళ్ళయ్యాక మానేసిన ఆడపిల్లలున్నారు. ఊళ్ళో ఒకసారి వెతకండి.

మాకు తొందరగా ఉంది. జనవరిలో కోతలు ముమ్మరమైతే శనివారాలు నాకూ కుదరవు, సగం మంది పిల్లలకీ కుదరవు. డిసెంబరు లోపల ఫారాల పాఠం అయిపోవాలి. ఒక కీబోర్డులో స్పేస్ మీట విరిగింది, ఇంకోదానిలో ఎన్, ఎమ్ పడటం లేదు. ఎవరింట్లో అయినా మూలన పడున్న కీబోర్డు ఉంటే, వైరు యూఎస్‌బీదైతే చాలు, సంతకి వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వండి.